ఆఫీసులో డప్పు, 3వ పాఠం: కొట్టకుండా ఉండటం

పోయిన పాఠంలో చేతుల పని చూశాం. కుడిచేతిలోని పొట్టి కర్ర, అంటే సిర్రతో తోలు మీద గట్టిగా ఒకటి వేస్తే ‘ధన్’. ఎడమచేతి సిటికెన పుల్లతో అంచు దగ్గర తాకిస్తే ‘టక’. వారమంతా సాధన చేసి ఉంటే ఇంట్లోవాళ్లతో ఒకసారైనా తిట్లు పడి ఉంటాయి. ఇక గుంపులో కూర్చుందాం.

హనుమకొండలో మా ఆఫీసు మేడ మీద మొదటిసారి పద్నాలుగు మందిమి కూర్చున్నాం. ఒక్కొక్కరుగా కొడితే అందరిదీ బాగానే ఉంది. కలిసి మొదలుపెట్టిన రెండు నిమిషాలకే దరువు పరుగందుకుంది. కావాలని వేగం పెంచినవాళ్లు ఎవరూ లేరు. వెనకబడతామేమోనన్న భయంతో ప్రతి ఒక్కరం వెంట్రుకవాసి ముందు కొట్టాం, అంతే. చివరికి ఆయాసపడుతూ ఆగిపోయాం. మాకు నేర్పడానికి జనగామ వైపు నుంచి వచ్చిన పెద్దాయన నవ్వి, “కొట్టుడు అందరికి అస్తది బిడ్డా, ఆగుడే రాదు” అన్నాడు. ఈ వారం పాఠం ఆ ఆగుడు గురించే.

ముందు కూర్చునే తీరు. మీటింగ్ హాల్లోలాగా వరసలు వద్దు, గుండ్రంగా కూర్చోండి, మోకాళ్లు దాదాపు తగిలేంత దగ్గరగా. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. పొడవాటి హాల్లో 17 మీటర్ల దూరాన ఉన్నవాడి దెబ్బ మీకు సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యంగా చేరుతుంది. వినడానికి అది చిన్నదే, దరువు గజిబిజి కావడానికి మాత్రం చాలు. గుండ్రంగా కూర్చుంటే ఇంకో లాభం, ఎదుటివాళ్ల చేతులు కనబడతాయి. గుంపులో చెవితో పాటు కన్ను కూడా వినాలి.

ఇప్పుడు దరువు. ఎనిమిది లెక్కలు:

1 ధన్, 2 ఖాళీ, 3 టక, 4 టక, 5 ధన్, 6 ఖాళీ, 7 ఖాళీ, 8 ఖాళీ.

టిక్ టిక్‌మని లెక్క వేసే మెట్రోనోమ్ యాప్‌ను ఫోన్లో 80 (నిమిషానికి 80 లెక్కలు) మీద పెట్టండి. చివరి మూడు లెక్కల్లో చేతులు కదలకూడదు, లోపల లెక్క మాత్రం నడవాలి. చదివితే చాలా తేలిక. కూర్చుని చూడండి, ఆరో లెక్క దగ్గర ఎవరో ఒకరు ‘టక’ అనేస్తారు. మా దగ్గర ఆ ఒకరు ఎవరంటే, మీటింగుల్లో ఎదుటివాళ్ల మాట పూర్తికాకముందే అందుకునే సారే. పేరెందుకు గానీ, అందరం ఒకేసారి ఆయన వైపు చూశాం. ఆయనకూ అర్థమైంది, నవ్వేశాడు. ఆ మాట ఆయనతో నేరుగా అనడానికి నాకైతే రెండేళ్లయినా ధైర్యం వచ్చేది కాదు.

దరువు కుదిరాక గుంపును మూడుగా విడదీయండి. నలుగురికి ఖాళీ వాటర్ క్యాన్లు ఇవ్వండి. 20 లీటర్ల క్యాన్‌ను ఒళ్లో పెట్టుకుని అరచేత్తో కొడితే వచ్చే మోత చిన్న డోలుకేం తీసిపోదు. వాళ్లు 1, 5 మాత్రమే కొట్టాలి. ఎనిమిది మంది డప్పుల మీద పూర్తి దరువు. మిగతా ఇద్దరి చేతికి చిరుతలు, అంటే చేత్తో మోగించే చెక్క తాళాలు. మన ఊళ్లలో చిరుతల రామాయణం ఆడేవాళ్ల దగ్గర అడిగితే దొరుకుతాయి. చిరుతలు ఏడో లెక్కలో ఒక్కసారే మోగాలి. డప్పులు ఆగితేనే ఆ చప్పుడు వినబడుతుంది. పై అధికారికి చిరుతలే ఇవ్వండి. ఎనిమిదిలో ఏడు లెక్కలు ఊరికే ఉండటం ఆయనకు కొత్త అనుభవం.

ఆపడానికి సైగ ఉండాలి. నడిపించే మనిషి ఐదో లెక్కలో సిర్ర పైకెత్తితే, తర్వాతి ‘ఒకటి’ కొట్టి అందరూ ఆగాలి. నోటితో అరవొద్దు. ఒగ్గుడోలు బృందాన్ని చూసినవాళ్లకు తెలుసు, అంత మోతలోనూ ముందున్న మనిషి భుజం కదలికతోనే దరువు మారిపోతుంది. ఈ సైగ పని రోజుకొకరికి ఇవ్వండి, ముఖ్యంగా కొత్తగా చేరినవాళ్లకు.

ఇలా కొట్టడం వల్ల నిజంగా ఏమైనా ఒరుగుతుందా అని హెచ్ఆర్ వాళ్లు అడుగుతారు. అమెరికాలో బారీ బిట్‌మన్ అనే డాక్టర్ బృందం వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పనిచేసే 112 మందితో గుంపుగా వాయించే ఆరు సెషన్లు పెట్టి, 2003లో ఫలితాలు ప్రచురించింది. పని అలసట తగ్గిందనీ, మనసు కుదుటపడిందనీ తేలింది. అయితే ఆదివారం కూడా పని చెప్పే ఆఫీసులో శుక్రవారం అరగంట డప్పు కొట్టిస్తే టెన్షన్ పోతుందని నేను చెప్పలేను. ముందు ఆదివారం సంగతి చూడమనండి.

ఇంకో మాట. మా గుంపులో ఒకరు డప్పు పట్టుకోవడానికి వెనకాడారు. కారణం పైకి చెప్పలేదు గానీ అందరికీ తెలుసు. చావుకీ చాటింపుకీ డప్పు కొట్టించుకుని, కొట్టిన మాదిగలను ఊరి బయట ఉంచిన చరిత్ర మనది. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం ఆటపాటల వేదికలెక్కి అదే డప్పు తెలంగాణ గొంతయింది. అయినా ఆ చరిత్ర మాసిపోలేదు, కాబట్టి బలవంతపెట్టకండి, క్యాన్ ఇచ్చి కూర్చోబెట్టండి. కళాకారుణ్ణి పిలిస్తే మాత్రం సాఫ్ట్‌వేర్ ట్రైనర్‌కు ఇచ్చేంత ఫీజు ఇవ్వండి. ఆయనకు భోజనం కూడా మీతో పాటు, అదే టేబుల్ మీద.

వానాకాలంలో తోలు డప్పు మెత్తబడి ‘ధన్’ కాస్తా ‘డొబ్’ అవుతుంది. మంట దగ్గర కాక పెట్టాలి. ఆఫీసులో మంట పెడితే ఫైర్ అలారం దరువందుకుంటుంది, బోల్టులు బిగించుకునే ఫైబర్ డప్పులతో సర్దుకోండి. మేడ మీద అయితే చెవులకు మంచిది. హాలు తప్పకపోతే ఫోమ్ ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకుని అరగంటలో ముగించండి.

ఈ వారం సాధన: రోజూ పది నిమిషాలు ఇదే దరువు. ఐదో రోజు 5వ లెక్క అవగానే మెట్రోనోమ్ శబ్దం ఆపేసి, మళ్లీ ‘ఒకటి’ దగ్గర అందరూ ఒకేసారి కొట్టగలుగుతున్నారేమో చూడండి. పదిసార్లలో ఏడుసార్లు కుదిరితే వచ్చే వారం సవాల్-జవాబు దరువుకు వెళ్దాం. కుదరకపోతే ఇదే పాఠం ఇంకో వారం. క్యాన్ల మూతలు తీసేయడం మరిచిపోకండి, మూత ఉంటే మోత రాదు.