‘రీపర్’ని యముడు అనకండి: చావు మీద రాసిన రాక్ పాటని ఎలా చదవాలి

మా నాన్న పోయిన ఏడాది నేను ఒకే పాట పదే పదే విన్నాను. న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలాండ్‌కి చెందిన బ్లూ ఆయిస్టర్ కల్ట్ బ్యాండ్ 1976లో తెచ్చిన ‘డోంట్ ఫియర్ ద రీపర్’. నేను ఇంటర్ పిల్లలకి ఇంగ్లిష్ చెప్తాను. ఆ పాటలో నాకు తెలియని మాట ఒక్కటీ లేదు. అయినా అది అర్థం కావడానికి నెలలు పట్టింది. ఆ నెలల్లో నాకు కుదిరిన పద్ధతి ఇది. చావు గురించిన ఏ పాటకైనా పనికొస్తుంది.

ముందు లిరిక్స్ తెరవకుండా రెండు మూడు సార్లు వినండి. ఆల్బమ్‌లో ఉన్న పాటే వినాలి. అది ఐదు నిమిషాల పైచిలుకు ఉంటుంది. సింగిల్‌గా విడుదల చేసినప్పుడు మధ్యలో మెల్లగా మొదలై పెరుగుతూ పోయే వాయిద్యాల భాగాన్ని తీసేశారు. అది లేకపోతే పాట సగం పోయినట్టే. ఎందుకంటే గాయకుడు మొదటి నుంచీ మెత్తగా, ఊరడిస్తున్నట్టు పాడతాడు. గొంతులో ఎక్కడా కంగారు ఉండదు. మాటల్లో కనిపించని భయమంతా ఆ గిటార్ దగ్గర బయటపడుతుంది. పైగా దాని తర్వాత వచ్చే చరణంలోనే చావు ఇంట్లోకి అడుగు పెడుతుంది. లిరిక్స్ కాగితం మీద ఆ చోట రెండు లైన్ల మధ్య ఖాళీ తప్ప ఏమీ ఉండదు.

ఆ తర్వాత నోట్‌బుక్ తీసి, పేజీ మధ్యలో నిలువుగా గీత కొట్టండి. ఎడమ పక్క పాటలోని ఒక్కో లైనూ రాసి, కుడి పక్క దాన్ని మీ ఇంట్లో మాట్లాడే తెలుగులో రాయండి. భావార్థం వద్దు. ఆ మాటకి ఉన్న మొదటి అర్థమే రాయాలి. నేను తప్పు చేసింది ఇక్కడే. ‘రీపర్’ ఎదురుగా ఆలోచించకుండా ‘యముడు’ అని రాసేశాను. యముడు అనగానే దున్నపోతు, పాశం, చిత్రగుప్తుడి చిట్టా అన్నీ వచ్చి కూర్చున్నాయి. పాపం చేశావా, పుణ్యం చేశావా అన్న లెక్క వచ్చింది. పాటలో ఆ లెక్క లేనే లేదు.

రీపర్ అంటే కోత కోసేవాడు. యూరప్ బొమ్మల్లో నల్ల ముసుగు వేసుకుని, నిలబడి కోసే పొడవాటి పిడి కొడవలి పట్టుకున్న అస్థిపంజరంగా కనిపించే చావు అతను. ‘యముడు’ కొట్టేసి ‘కోత కోసేవాడు’ అని రాశాక, దాని పక్క లైను దానంతటదే తెరుచుకుంది. రుతువులు అతనికి భయపడవు, గాలీ ఎండా వానా భయపడవు అంటాడు కవి. అంతకు ముందు ఇవేవో అందం కోసం పెట్టిన ప్రకృతి వర్ణనలు అనుకున్నాను. కానీ పైరుని పెంచేవి అవే కదా! కోత వైపు నడిపించేవీ అవే. మాది తెనాలి దగ్గర పల్లె. మా నాన్న వరి కంకి ఒకటి అరచేతిలో నలిపి, ఊక ఊది, ఒక గింజ పంటి కింద పెట్టి కొరికి, “చేను కోతకొచ్చింది” అనేవాడు. కోసేవాడు వచ్చాడు అనేవాడు కాదు. చేనే కోతకి వస్తుంది. చిన్నప్పటి నుంచి వింటున్న ఆ మాటతో ఒక అమెరికన్ పాట విప్పుకుంది. మీ పాటలో కూడా ఇలా ఒక్క మాట ఉంటుంది. మిగతా బొమ్మలన్నీ దాని చుట్టాలే అయ్యుంటాయి. ముందు దాన్ని వెతకండి.

అంకెలు కనిపిస్తే మాత్రం తొందరపడి నమ్మకండి. ఈ పాటలో రోజుకి నలభై వేల మంది అని వస్తుంది. పాట రాసిన డోనల్డ్ రోజర్, స్టేజి పేరుతో బక్ ధర్మ, రోజుకి ఎంతమంది చనిపోతారో ఊహించి వేసిన అంకె అది. నిజానికి అప్పట్లో ప్రపంచంలో రోజుకి లక్షకి పైగానే పోయేవాళ్ళు. అంకె తప్పినా దాని పని అది చేస్తుంది. నీ ఒక్కడికే జరగడం లేదు అని చెప్పడమే దాని పని.

ఎక్కువ గొడవ తెచ్చింది రోమియో జూలియట్ పేర్లు. ఆ ఇద్దరూ ప్రాణాలు తీసుకున్నవాళ్ళు కాబట్టి, పాట కూడా అదే చెయ్యమంటోందని చాలామంది అనుకున్నారు. పాత కథ పేరు వచ్చినప్పుడు కవి ఆ కథలోంచి ఏది తీసుకున్నాడు, ఏది వదిలేశాడు అని చూడాలి. ఇక్కడ విషం లేదు, కత్తి లేదు. ఎప్పటికీ కలిసే ఉన్నారు అన్న ముక్క ఒక్కటే తీసుకున్నాడు. బక్ ధర్మ తర్వాత చెప్పింది కూడా అదే. గుండె సమస్య ఉందని తెలిసి, చిన్న వయసులోనే పోతానేమో అనుకుంటూ రాశాడట. చావుని కొని తెచ్చుకోమని కాదు, దానికి భయపడొద్దని, మనుషులు పోయినా ప్రేమ పోదని తన ఉద్దేశం. రాసినవాడి మాట ఇలా చివర్లోనే చదవండి. ముందే చదివితే మీ చెవి మూసుకుపోతుంది.

ఒక్క జాగ్రత్త. మీ దగ్గరున్న ఎవరైనా బాగా కుంగిపోయి, ఇలాంటి పాటలో చావుకి పిలుపు వింటున్నారు అనిపిస్తే, అర్థం గురించి వాదించకండి. పాట ఆపి వాళ్ళ పక్కన కూర్చోండి. మానసిక ఆరోగ్య సాయానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416 కి వాళ్ళతో కలిసి ఫోన్ చెయ్యండి.

ఇక సర్వనామాలు. వాటి కింద గీతలు గీయండి. మొదట్లో ‘మనం వాళ్ళలా కావచ్చు’ అని ఉంటుంది. అక్కడ వాళ్ళు అంటే గాలీ వానా. చివరి చరణంలో వచ్చే ఒకామె ‘వాళ్ళలా అయిపోయింది’. మధ్యలో తలుపు తెరుచుకుంటుంది, గాలి వస్తుంది, కొవ్వొత్తులు ఆరిపోతాయి, కర్టెన్లు ఎగురుతాయి, ‘అతను’ కనిపించి భయపడొద్దంటాడు. అతనెవరు? కోత కోసేవాడా, ముందే పోయిన ఆమె మనిషా? పాట ఎక్కడా చెప్పదు. ఇలాంటి చోట బలవంతంగా ఒక పేరు రాయకండి. నా నోట్‌బుక్‌లో కుడి పక్క ఆ గడి చాలాకాలం ఖాళీగానే ఉంది.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఆ చరణం అమ్మకి తెలుగులో చెప్పాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింది. “యముడైతే భయపడొద్దని ఎందుకంటాడే? వచ్చింది వాళ్ళాయనే అయ్యుంటాడు” అంది. ఆ గడిలో పెన్సిల్‌తో ఆమె మాట రాసుకున్నాను.