గోల్ఫ్ కార్టు కొనే ముందు జాగ్రత్తలు: పెట్రోలా, విద్యుత్తా?

బండి ఎలాంటి దారిలో, రోజుకు ఎంత దూరం తిరగాలో ముందే తేల్చుకోండి. చదునైన దారుల్లో తిరుగుతూ, రాత్రంతా ఛార్జింగుకు వీలుండే చోట విద్యుత్ కార్టే మేలు. ఎత్తుపల్లాల్లో రోజంతా బరువులు మోయాలంటే, చప్పుడూ పొగా భరించవలసి వచ్చినా, నిమిషాల్లో ఇంధనం నింపుకొని కదిలే పెట్రోలు బండి వైపు మొగ్గవచ్చు.

పాత విద్యుత్ కార్టును పైరంగు చూసి బేరమాడకుండా, సీటు ఎత్తించి చూడాలి. 48 వోల్టుల బండిలో తరచుగా 8 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు 6 ఉంటాయి. వాటి తయారీ తేదీ చదివి, టెర్మినళ్ల చుట్టూ పొడి పేరుకుందేమో గమనించి, కళ్లద్దాలూ చేతితొడుగులూ ధరించి మూతలు తీసి, లోపలి ప్లేట్లు ద్రావణంలో మునిగి ఉన్నాయో లేదో పరీక్షించండి. ప్లేట్లు ఎండి కనిపిస్తే మొత్తం సెట్టు మార్చే ఖర్చును బేరంలోనే లెక్కకట్టాలి. పాతవాటి మధ్య ఒక్క కొత్త బ్యాటరీ పెట్టడం డబ్బు దండగ.

ఛార్జింగు వేళ ఈ బ్యాటరీల నుంచి సులభంగా మండే హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కనుక షెడ్డులో గాలి ధారాళంగా ఆడాలి. పెట్రోలు ఇంజనును మూసిన షెడ్డులో అసలు నడపరాదు. దాని పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

బండి తిరిగే ఆవరణలో పెట్రోలు కార్టులకు అనుమతి ఉందో లేదో బయానా ఇవ్వకముందే కనుక్కోండి.