నిద్రలో వచ్చే ఫిట్స్‌ని గుర్తుపట్టడం ఎలా? డాక్టరుకు పనికొచ్చే వీడియో తీయడం ఎలా?

ముందే చెప్పేస్తున్నాను: ఈఈజీ (తలకు ఎలక్ట్రోడ్లు అంటించి మెదడు విద్యుత్తును గీతలుగా తీసే పరీక్ష) రిపోర్టులో నార్మల్ అని వచ్చినంత మాత్రాన ఫిట్స్ లేనట్టు కాదు. మామూలు ఈఈజీ పగటిపూట ఓ అరగంటలో అయిపోతుంది. మనిషికి ఫిట్స్ వచ్చేదేమో తెల్లవారుజామున నాలుగింటికి. ఆ అరగంటలో మెదడు ప్రశాంతంగా ఉంటే గీతలూ ప్రశాంతంగానే ఉంటాయి. ఈఈజీ తీయడమే నా పని కాబట్టి చెబుతున్నా, ఈ జబ్బు సగం బయటపడేది ఇంట్లోనే. బయటపెట్టాల్సింది పక్కన పడుకునేవాళ్లు.

పొద్దున్న చూడాల్సినవి

నాలుక పక్క అంచున గాటు, దిండు మీద నెత్తుటి మరక, ఎప్పుడూ లేనిది పక్క తడపడం, ఒళ్లంతా చితక్కొట్టినట్టు నొప్పులు, లేచాక కాసేపు అయోమయం. రెండు మూడు కలిసి కనిపిస్తే న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాల్సిందే. టీనేజ్ పిల్లలకు పొద్దున్న లేవగానే చేతులు ఉలిక్కిపడి బ్రష్షో గ్లాసో జారిపోతుంటే, నిద్ర చాలలేదని కొట్టిపారేయకండి. అదీ ఒక రకం మూర్ఛ కావచ్చు. అడిగితే తప్ప ఎవరూ చెప్పరు.

కావాల్సినవి

ఛార్జింగ్ ఉన్న ఫోన్, గడియారం, ఒక నోటుబుక్కు. షుగర్‌కు ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్లయితే గ్లూకోమీటర్ కూడా. రాత్రి షుగర్ బాగా పడిపోయినా ఫిట్స్ వస్తాయి. యాప్‌లు వద్దు. తేదీ, టైమ్, ఎంతసేపు, అంతకుముందు రాత్రి నిద్ర ఎలా ఉంది, మాత్ర మరిచారా: ఇవి రాయడానికి రూళ్ల పుస్తకం చాలు. ఫోన్ మారినా అది పోదు.

వీడియో: అందరూ పాడుచేసేది ఇక్కడే

ముందు మనిషి, తర్వాతే ఫోన్. పక్కకు ఒత్తిగిలించండి, దిండు తీసేయండి, టైమ్ చూసుకోండి. నోట్లో చెంచా, నీళ్లు, మాత్ర ఏదీ పెట్టొద్దు. కాళ్లూ చేతులూ అదిమిపట్టొద్దు. తాళంచెవులు, ఉల్లిపాయ వెతకడానికి ఇల్లంతా పరుగులు పెట్టొద్దు. వాటితో ఫిట్స్ ఆగవు. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్లీ మొదలైనా, ఆగాక ఊపిరి సరిగ్గా ఆడకపోయినా 108కి ఫోన్ చేయండి. మొట్టమొదటిసారి వచ్చినా, గర్భిణికి వచ్చినా ఆగి చూడకుండా పిలవండి.

ఇంట్లో ఇంకొకరుంటే వాళ్ల చేతికి ఫోన్ ఇవ్వండి. ఒక్కరే ఉంటే దాన్ని గోడకో దిండుకో ఆనించండి. లైటు వేయాలి, దుప్పటి తీసేయాలి. నాకు చూపించే వీడియోల్లో చాలావాటిలో చీకట్లో కదిలే దుప్పటి తప్ప ఏమీ ఉండదు. ఫోన్ అడ్డంగా పట్టుకుని కాళ్ల వైపు నిలబడితే తల నుంచి పాదాల దాకా కనిపిస్తుంది. మొదట ఒళ్లంతా, తర్వాత కొన్ని సెకన్లు మొహం: కళ్లు తెరిచి ఉన్నాయా, చూపు ఎటు తిరిగింది, మూతి ఏ పక్కకు లాగింది.

"అయ్యో, అయ్యో" అనే ఏడుపుల్లో అసలు శబ్దాలు మునిగిపోతాయి. టెన్షన్ ఉంటుంది, కాదనను. కానీ ఆ గురక, మూలుగు, పళ్లు కొరికిన చప్పుడు డాక్టరుకు వినిపించాలి. ఏడ్చే బదులు కనిపిస్తున్నది పైకి చెప్పండి: "తల ఎడమకు తిరిగింది, కుడి చెయ్యి బిగుసుకుంది." ఏ వైపు మొదలైందన్నదాన్ని బట్టే మెదడులో చోటును వెతుకుతారు.

ఇంకో ముఖ్యమైన సంగతి. కొట్టుకోవడం ఆగగానే వీడియో ఆపేస్తారు. ఆపొద్దు. తర్వాతి రెండు మూడు నిమిషాలు కూడా అంతే విలువైనవి. పేరు పెట్టి పిలవండి, చెయ్యి ఎత్తమనండి. ఫిట్స్ జరుగుతుండగానే "మామిడికాయ" అని ఒక మాట గట్టిగా చెప్పి, తేరుకున్నాక ఏం చెప్పానో అడగండి. స్పృహ ఉందా, ఎప్పుడు తిరిగొచ్చింది అన్నది దాంతో తేలుతుంది.

స్మార్ట్‌వాచ్ ఉంది కదా అంటారు. ఒళ్లంతా కొట్టుకునే పెద్ద ఫిట్స్‌ని అది పట్టొచ్చు గానీ, చిన్నవాటిని వదిలేస్తుంది. తరచూ వస్తుంటే చీకట్లోనూ కనిపించే చిన్న వైఫై కెమెరా మంచానికి ఎదురుగా పెట్టండి. ఫోన్‌కు ఎప్పుడూ దొరకని మొదటి సెకన్లు దానికి దొరుకుతాయి.

ఫిట్సా, పీడకలా?

ప్రతిసారీ అచ్చుగుద్దినట్టు ఒకేలా వస్తోందా అన్నది మొదటి ప్రశ్న. హఠాత్తుగా లేచి సైకిల్ తొక్కినట్టు కాళ్లాడించడం, కేకలు, రెండు నిమిషాల్లోపే టక్కున ఆగడం, ఒకే రాత్రి మళ్లీ మళ్లీ రావడం: ఇవి మెదడు ముందు భాగంలో పుట్టే ఫిట్స్ లక్షణాలు. గాలి సోకిందని తాయెత్తులు కట్టించేది ఎక్కువగా వీళ్లకే.

పిల్లలు నిద్రపోయిన మొదటి రెండు మూడు గంటల్లో భయంతో అరిచి, నిమిషాల తరబడి ఓదార్పుకు లొంగక, పొద్దున్నకు ఏదీ గుర్తులేదంటే అది సాధారణంగా నిద్రకలవరం. పెద్దవయసువాళ్లు తెల్లవారుజామున గుద్దులు గుద్ది, లేపితే కల మొత్తం చెబితే అది వేరే నిద్ర జబ్బు, దానికీ న్యూరాలజిస్టే. నిద్రపట్టే ముందు ఒక్క ఉలికిపాటు అందరికీ ఉండేదే. పిల్లలకు మూతి ఒక పక్క అదిరి, చొంగ కారి, మాట పెగలకపోతే అది రొలాండిక్ మూర్ఛ కావచ్చు. ఇది చాలామందికి టీనేజ్ దాటేలోపు దానంతటదే తగ్గిపోతుంది.

ఈఈజీ రోజు

తలకు షాంపూతో స్నానం, నూనె చుక్క కూడా వద్దు. నూనె ఉంటే ఎలక్ట్రోడ్లు నిలవవు. నిద్ర తగ్గించుకుని రమ్మంటే నిజంగానే తగ్గించుకోండి, బండి మాత్రం వేరేవాళ్లు నడపాలి. మాత్రలు సొంతంగా ఆపొద్దు. అప్పటికీ తేలకపోతే రాత్రంతా వీడియో ఈఈజీ అడగండి. ఎంఆర్ఐ రాస్తే వాయిదా వేయకండి. మన దేశంలో మెదడులో చేరిన బద్దెపురుగు తిత్తుల వల్ల వచ్చే ఫిట్స్ తక్కువేం కాదు.

వీడియో ఫోన్‌లోనే తీసుకురండి, వాట్సాప్‌లో పంపితే మసకబారుతుంది. రాత్రి చూసింది భార్య అయితే ఓపీకి రావాల్సింది ఆమె, బావమరిది కాదు. రాలేకపోతే డాక్టరు పిలిచే టైముకు ఫోన్ లైన్లో ఉండమనండి.