వానలు ముదిరేలోపు మీ పాయింట్ టూటూ పిస్టల్‌ని ఇలా సరిచూసుకోండి

జూన్‌లో వానలు పట్టుకున్నాక హైదరాబాద్ షూటింగ్ రేంజ్‌లలో తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది. మొన్నటిదాకా బాగానే పనిచేసిన పాయింట్ టూటూ (.22 సైజు తూటా కాల్చే) పిస్టల్ ఉన్నట్టుండి మొరాయిస్తుంది. రౌండ్ (తూటా) సగం దూరం వెళ్లి, అది కూర్చునే గది అయిన చాంబర్ మూతి దగ్గర ఇరుక్కుంటుంది, లేదా కాల్చేశాక మిగిలే ఖాళీ కేస్ (తూటా తొడుగు) బయట పడకుండా స్లయిడ్‌లో, అంటే పిస్టల్ మీద ముందుకీ వెనక్కీ జరిగే భాగంలో, నిలువుగా చిక్కుకుంటుంది. 25 మీటర్ల పిస్టల్ ఈవెంట్ ర్యాపిడ్ భాగంలో ఒక్కో షాట్‌కి దొరికేది 3 సెకన్లే. అక్కడ జామ్ అయితే ఆ సిరీస్ మీద ఉన్న ధ్యాసంతా చెదిరిపోతుంది. టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్‌కి ఎయిర్ పిస్టల్ క్వాలిఫికేషన్ మధ్యలోనే పిస్టల్ పాడైంది. విలువైన నిమిషాలు పోయాయి, ఫైనల్ చేజారింది. అంతటివాళ్లకే తప్పనప్పుడు మనం ముందే చూసుకోవడం మంచిది.

జామ్ అయిన క్షణంలో ఏం చేయాలో పిల్లలకి మొదటిరోజు నుంచే అలవాటు చేయండి. పిస్టల్ మూతి టార్గెట్ వైపే ఉండాలి, వేలు ట్రిగ్గర్ మీద నుంచి తీసేయాలి, ఖాళీ చెయ్యి పైకెత్తి రేంజ్ ఆఫీసర్‌ని పిలవాలి. పోటీలో అయితే కంగారులో స్లయిడ్ లాగేస్తే నష్టం మీకే. ఆఫీసర్ చూడకముందే పిస్టల్ తెరిస్తే ఆ జామ్‌ని లెక్కలోకి తీసుకోరు. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే కనీసం 30 సెకన్లు అలాగే టార్గెట్ వైపు పట్టుకుని ఆగాలి, తూటాలోని పేలుడు మందు ఆలస్యంగా అంటుకునే అవకాశం ఉంటుంది. చప్పుడు నీరసంగా వచ్చి, చేతికి తన్ను తెలియకపోతే ఇంకో రౌండ్ అస్సలు కాల్చొద్దు. బుల్లెట్ బ్యారెల్లోనే ఆగిపోయి ఉండొచ్చు. దాని వెనక రెండోది వెళ్తే బ్యారెల్ ఉబ్బుతుంది, లేదా పగులుతుంది.

ఇక కారణం దగ్గరికి వద్దాం. జామ్ అయిన రౌండ్‌ని పారేయకుండా వెలుతురులో తిప్పి చూడండి. అసలు విషయం దాని మీదే రాసి ఉంటుంది. బుల్లెట్ సీసం మెత్తన కాబట్టి ఏం తగిలినా గుర్తు పడుతుంది. ముక్కు పైభాగంలో నొక్కు ఉంటే రౌండ్ మరీ పైకి లేచి చాంబర్ పై అంచుకి కొట్టుకుంటోందన్నమాట. మ్యాగజీన్ (తూటాలు నింపే డబ్బా) పెదవులు, అంటే పై రౌండ్‌ని పట్టి ఉంచే అంచులు, విచ్చుకుని ఉంటాయి. కింది భాగంలో గీత ఉంటే రౌండ్ కిందనే ఉండిపోతోంది. స్ప్రింగ్ నీరసపడిందేమో, మ్యాగజీన్ పూర్తిగా లోపలికి కూర్చోవడం లేదేమో చూడాలి. ఒక పక్కన సన్నగా సీసం చెక్కుకుపోయి ఉంటే చాంబర్ అంచున గరుకు ఏర్పడి ఉండొచ్చు. డ్రై ఫైర్ (తూటా లేకుండా ట్రిగ్గర్ సాధన) ఏర్పాటు లేని పిస్టల్‌తో ఖాళీ చాంబర్ మీద పదే పదే ట్రిగ్గర్ నొక్కితే తూటాని కొట్టి పేల్చే పిన్ వెళ్లి ఆ అంచునే కొడుతుంది. దాన్ని ఇంట్లో ఆకురాయితో రుద్దకండి, ఆర్మరర్‌కి (ఆయుధాలు బాగుచేసే నిపుణుడికి) ఇవ్వండి.

నా అనుభవంలో ఎక్కువసార్లు దోషి మ్యాగజీనే. ప్రతి మ్యాగజీన్ అడుగున ఒక నంబర్ వేసుకోండి, జామ్ అయినప్పుడల్లా ఆ నంబర్ డైరీలో రాయండి. ఒకే నంబర్ మళ్లీ మళ్లీ వస్తే పిస్టల్ మీద చెయ్యి వేయాల్సిన అవసరమే లేదు. సిమెంట్ నేల మీద ఒక్కసారి పడినా పెదవులు వంగుతాయి, కంటికి తెలియదు. నింపేటప్పుడు పై రౌండ్ కేస్ అడుగు అంచు కింది రౌండ్ అంచుకి ముందు ఉండాలి. వెనకపడితే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని కదలవు.

వానాకాలం ప్రత్యేకత తేమ. పాయింట్ టూటూ బుల్లెట్ మీద మైనం లాంటి పూత ఉంటుంది. మే నెలలో కారు డిక్కీలో వదిలేసిన పెట్టెలో అది కరిగి ఒక పక్కకి చేరుతుంది, తర్వాత దుమ్ము పట్టి చాంబర్‌లో జిగటలా పేరుకుంటుంది. దానికి తేమ, మసి తోడైతే రౌండ్ చివరి మిల్లీమీటర్ దూరం లోపలికి పోదు. తూటాలను కంపెనీ పెట్టెలోనే, సిలికా జెల్ పొట్లంతో, తాళం ఉన్న చోట ఉంచండి. వేర్వేరు లాట్‌లు (కంపెనీలో ఒకేసారి తయారైన తూటాల వంతులు) కలపొద్దు. నేల మీద పడిన రౌండ్‌ని తుడిచి వాడొద్దు. తూటాలకి, మ్యాగజీన్ లోపలికి నూనె స్ప్రే కొట్టడం మంచి అలవాటు కాదు. అది దుమ్మును లాక్కుంటుంది, లోపలి మందు దాకా ఇంకితే రౌండ్ పేలకపోవచ్చు. ఏసీ కారులోంచి తెచ్చిన పిస్టల్‌కి బయటి గాలిలో చెమ్మ పడుతుంది. పెట్టె తెరిచి కాసేపు ఆగి, తుడిచాకే మొదలుపెట్టండి.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. విదేశాల్లో చాలామంది వాడేసిన కేసుల్లో ప్రైమర్ (దెబ్బకి నిప్పు పుట్టించే మందు), పేలుడు మందు, బుల్లెట్ మళ్లీ అమర్చి సొంతంగా తూటాలు తయారు చేసుకుంటారు. ఆ వీడియోలు చూసి ఇక్కడ ప్రయత్నించకండి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. పైగా పాయింట్ టూటూలో ప్రైమర్ మందు కేస్ అంచు మడతలోనే ఉంటుంది. పిన్ దెబ్బకి ఆ అంచు నలిగిపోయిన కేస్ మళ్లీ నింపడానికి పనికిరాదు.

మ్యాగజీన్, తూటా, చాంబర్ మూడూ బాగున్నా ఖాళీ కేస్ చిక్కుకుంటుంటే పట్టు చూడండి. కొత్త పిల్లలు అలసిపోయాక మణికట్టు వదులు చేస్తారు. స్లయిడ్ పూర్తిగా వెనక్కి వెళ్లదు. కోచ్ అదే పిస్టల్, అదే మ్యాగజీన్‌తో అయిదు షాట్లు కాల్చి చూస్తే తేలిపోతుంది.

శుభ్రం చేసే ముందు మొదట మ్యాగజీన్ తీయాలి, ఆ తర్వాతే స్లయిడ్ తెరిచి చాంబర్ ఖాళీగా ఉందో లేదో కళ్లతో చూడాలి. ఈ వరస తారుమారైతే చాంబర్‌లోకి ఇంకో రౌండ్ ఎక్కుతుంది. ఖాళీ కేస్‌ని చాంబర్‌లోంచి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద నల్లగా గట్టిపడిన మసిని సన్నటి పుల్లతో తీయండి. చాలామంది వదిలేసేది అక్కడే. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కున్నాకే ఏదైనా తినండి, సీసం ఒంట్లోకి పోకూడదు. పోటీ ముందురోజు రాత్రి ఈ పనంతా పెట్టుకోకండి. కొన్ని రోజుల ముందే చేసి, పోటీలో వాడబోయే లాట్ నుంచే 50 రౌండ్ల పెట్టె ఒకటి, అన్ని మ్యాగజీన్లతో కాల్చి చూడండి.