ఐపీఎల్ మొదలయ్యేలోపే క్రెడిట్ కార్డు విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

మన నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు ప్రాంతాల్లో మార్చి నెలాఖరు నుంచి మే నెలాఖరు దాకా రెండు సీజన్లు ఒకేసారి నడుస్తాయి. ఒకటి యాసంగి వరి కోతలు, రెండోది ఐపీఎల్. ఐకేపీ (ధాన్యం కొనుగోలు) కేంద్రంలో ధాన్యం కాంటా అయిన తరువాత ఖాతాలో డబ్బు పడే రోజులు, రాత్రి ఏడున్నరకు మ్యాచ్ మొదలయ్యే రోజులు ఒకటే. నేను నల్లగొండలో పన్ను రిటర్నులు, బ్యాంకు కాగితాలు చూసే పనిలో ఉన్నాను. ప్రతి ఏటా జూన్‌లో నా బల్ల ముందుకు వచ్చే కార్డు బిల్లుల్లో క్రికెట్ పందెం యాప్‌లకు వేసిన డబ్బు, దాని మీద పడిన రుసుముల వరుసలే కనిపిస్తున్నాయి కాబట్టి, ఈసారి సీజన్ మొదలు కాకముందే ఈ విషయాలు రాస్తున్నాను.

ముందుగా చట్టం సంగతి స్పష్టంగా తెలుసుకోవాలి. తెలంగాణలో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2017లో సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను, రమ్మీతో సహా, నిషేధించారు. ఆ తరువాత 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దేశమంతటా డబ్బు పందెం ఆటలను, వాటి ప్రకటనలను, వాటికి బ్యాంకులు చెల్లింపులు జరపడాన్ని నిషేధించింది. ఆటను నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. ఈ కేంద్ర చట్టం ఆడేవారిని శిక్షించదు గాని, మన రాష్ట్ర చట్టం పందెం ఆడడాన్ని కూడా నేరంగానే చూస్తుంది. అందువల్ల ఈ రోజు మీ ఫోన్‌కు లింకు పంపి 'డిపాజిట్ చేయండి' అంటున్న యాప్ ఏదైనా సరే, అది దాదాపుగా విదేశం నుంచి దొంగచాటుగా నడుస్తున్నదే అని అనుకోవాలి. పందెం కాయవద్దనే నా మొదటి మాట. ఇక్కడ రాస్తున్నవన్నీ ఆ మాటను మనసు వినని రాత్రి కూడా మీ ఇంటిని కాపాడగలిగే ఏర్పాట్లు.

చాలామందికి తెలియని అసలు విషయం ఏమిటంటే, పందెం యాప్‌లో వేసిన డబ్బును కార్డు ఇచ్చిన బ్యాంకు కొనుగోలుగా చూడదు. కార్డు వాడిన ప్రతి వ్యాపారికి నాలుగంకెల కోడ్ ఒకటి ఉంటుంది. కిరాణాకు ఒకటి, పెట్రోలు బంకుకు ఒకటి. పందేలకు, క్యాసినోలకు 7995, నగదుతో సమానమైన కొనుగోళ్లకు 6051 వాడుతారు. ఈ కోడ్‌తో వచ్చిన లావాదేవీని చాలా బ్యాంకులు 'క్వాజీ క్యాష్' అని, అంటే మీరు ఏటీఎంలో కార్డు పెట్టి నగదు తీసినట్టే లెక్కిస్తాయి. బట్టల దుకాణంలో గీకినప్పుడు దొరికే నలభై, యాభై రోజుల వడ్డీ లేని గడువు దీనికి వర్తించదు. డబ్బు వేసిన రోజు నుంచే వడ్డీ నడుస్తుంది, బిల్లు మొత్తం గడువులోగా కట్టినా ఆ వడ్డీ పోదు. దానికి తోడు నగదు తీసినందుకు వేసే రుసుము వేరే. అది సాధారణంగా 2.5 శాతం, కాకపోతే కనీసం 500 రూపాయలు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది.

ఆ 'కనీసం' అనే మాట దగ్గరే మనవాళ్లు మునుగుతున్నారు. నిరుడు ఒక యువకుడు బిల్లు తెచ్చి నా ముందు పెట్టి, "ఇరవై వేలే కొట్టిన సార్, ఇదేంది మూడున్నర వేలు ఎక్కువొచ్చింది?" అని అడిగాడు. "ఒక్కసారే కొట్టినవా తమ్మీ?" అని నేను అడిగితే, నాలుగు మ్యాచ్‌లకు నాలుగుసార్లు ఐదేసి వేలు అన్నాడు. ఇద్దరం పెన్ను పట్టుకొని ఒక్కో వరుస చూశాము. ఐదు వేలకు 2.5 శాతం అంటే 125 రూపాయలే కావాలి. కాని కనీస రుసుము 500 కాబట్టి నాలుగుసార్లకు 2,000 పడింది. దాని మీద 18 శాతం జీఎస్టీ 360. నెలకు 3.75 శాతం, అంటే ఏడాదికి 45 శాతం వడ్డీ చొప్పున ఇరవై వేలకు రోజుకు 24 రూపాయల 66 పైసలు అవుతుంది. దాదాపు నలభై రోజులకు అది 986 దాకా వచ్చింది. ఆ వడ్డీ మీద మళ్లీ జీఎస్టీ 178. అన్నీ కలిపితే 3,524. అతను ఆ నాలుగు పందేల్లో గెలిచాడా ఓడాడా అన్నది ఈ లెక్కలో ఎక్కడా లేదు. గెలిచినా ఇంతే, ఓడినా ఇంతే.

ఇక ఓవర్ ఓవర్‌కు ఐదు వందలు వేసేవారి సంగతి చూడండి. ఐదు వందలకు రుసుము ఐదు వందలు, దాని మీద జీఎస్టీ తొంభై. చిన్న మొత్తమే కదా అనుకొని వేసిన ప్రతిసారీ, వేసినదానికంటే ఎక్కువ బ్యాంకుకు బాకీ పడుతున్నారు. పెద్ద మొత్తం ఒకేసారి వేయమని చెప్పడం నా ఉద్దేశం కాదు. చిన్న మొత్తాలు ప్రమాదం లేనివనే నమ్మకాన్ని వదిలించుకోవాలని మాత్రమే చెబుతున్నాను.

విదేశీ సైటు అయితే మరో పొర చేరుతుంది. రూపాయల్లో చూపించినా చెల్లింపు బయటి దేశంలోని వ్యాపారికి చేరితే, చాలా కార్డుల మీద 3.5 శాతం వరకు విదేశీ మారకపు మార్కప్ (అదనపు రుసుము), దాని మీద జీఎస్టీ పడతాయి. అంతకంటే ముఖ్యంగా, లాటరీ టికెట్లు, స్వీప్‌స్టేక్స్ వంటి వాటికి దేశం నుంచి డబ్బు పంపడం విదేశీ మారక చట్టమైన ఫెమా నిబంధనల కింద నిషిద్ధం. ఆ సైట్లలో చాలాసార్లు ఓటీపీ అడగకుండానే కార్డు నుంచి డబ్బు పోతుంది కాబట్టి, నంబరు, గడువు తేదీ, వెనుక ఉన్న మూడంకెలు ఒకసారి ఇచ్చిన తరువాత తాళం చెవి వాళ్ల చేతిలో పెట్టినట్టే. బిల్లులో యాప్ పేరు కూడా ఉండకపోవచ్చు. ఎన్నడూ వినని దుస్తుల దుకాణం పేరో, సాఫ్ట్‌వేర్ సంస్థ పేరో పడుతుంది. బిల్లులో అలాంటి పేరు కనిపిస్తే ఆ కార్డును ఆ పూటే బ్లాక్ చేయించి కొత్తది తీసుకోవాలి.

కొందరు నేరుగా కాకుండా ముందు వాలెట్‌లోకి వేసి, అక్కడి నుంచి ఆటకు పంపుతారు. ఆ దారికీ ఇప్పుడు రుసుములు వచ్చాయి. ఉదాహరణకు, పైన చెప్పిన కేంద్ర చట్టం రాకముందే, హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు 2025 జులై 1 నుంచి నైపుణ్య ఆటల యాప్‌లపై నెలలో పది వేలు దాటిన ఖర్చుకు, అలాగే పది వేలు దాటిన వాలెట్ లోడింగ్‌కు 1 శాతం రుసుము పెట్టింది, గరిష్ఠం నెలకు 4,999. మిగతా బ్యాంకుల షరతులు ఒక్కోటి ఒక్కో రకం కాబట్టి మీ కార్డుతో వచ్చిన ఎంఐటీసీ అనే షరతుల పత్రంలో నగదు అడ్వాన్సు, వాలెట్ లోడ్, గేమింగ్ అనే మూడు పదాలున్న వరుసలు చదివి, ఆ అంకెలను ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. అది పది నిమిషాల పని.

వేసవి సెలవుల్లో మిత్రులతో గోవా వెళ్లేవారికి కూడా ఒక మాట. అక్కడి క్యాసినోలకు లైసెన్సులు ఉన్నా, చిప్స్ కొనడానికి కార్డు గీకితే పైన చెప్పిన నగదు రుసుము, మొదటి రోజు నుంచే నడిచే వడ్డీ వర్తిస్తాయి. క్యాసినో మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం. ఆ పూటకు కార్డును హోటల్ గదిలో వదిలి వెళ్లడం మంచిది.

ఇప్పుడు చేయవలసిన పనులకు వస్తాను. రిజర్వు బ్యాంకు 2020లో ఇచ్చిన ఆదేశాల వల్ల ప్రతి కార్డులో ఆన్‌లైన్ వాడకం, అంతర్జాతీయ వాడకం, వాటి పరిమితులు మనమే మార్చుకునే వీలు ఉంది. బ్యాంకు యాప్ తెరిచి కార్డు సెట్టింగుల్లో అంతర్జాతీయ లావాదేవీలను పూర్తిగా ఆపివేయండి. మన ప్రాంతంలో నూటికి తొంభై మందికి దానితో అవసరమే ఉండదని నా అభిప్రాయం. దేశీయ ఆన్‌లైన్ పరిమితిని మీ నెల కరెంటు బిల్లు, గ్యాస్, ఫోన్ రీచార్జ్‌లకు సరిపోయేంతకు, అంటే మూడు నాలుగు వేలకు తగ్గించండి. బిల్లు మొదటి పేజీలో మొత్తం పరిమితి పక్కనే 'నగదు పరిమితి' అని వేరుగా ఉంటుంది. దాన్ని యాప్‌లో గాని, కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి గాని సున్నా చేయించండి. ఆ ఒక్క మార్పుతో నగదుగా లెక్కించే లావాదేవీలు చాలావరకు ముందే ఆగిపోతాయి. ఏయే యాప్‌లలో మీ కార్డు టోకెన్ రూపంలో (నంబరుకు బదులు వాడే కోడ్‌గా) దాచి ఉందో బ్యాంకు యాప్‌లోనే కనిపిస్తుంది, అక్కర లేనివి తీసివేయండి. ఇవన్నీ మొదటి మ్యాచ్‌కు ముందు పగటిపూట చేయాలి. చివరి ఓవర్ నడుస్తున్నప్పుడు ఫోన్ చేతిలో ఉన్నవాడు పరిమితి తగ్గించడు, పెంచుతాడు.

తల్లిదండ్రులు గమనించవలసినది మరొకటి. హైదరాబాదులో చదువుకుంటున్న పిల్లలకు తమ కార్డు మీద యాడ్-ఆన్ కార్డు తీసి ఇచ్చినవారు చాలామంది ఉన్నారు. ఆ కార్డు మీద పడిన ప్రతి రూపాయికీ బాధ్యత అసలు కార్డుదారుడిదే. యాడ్-ఆన్ కార్డుకు వేరే పరిమితి పెట్టే వీలు ఉంటుంది, పెట్టండి. లావాదేవీల సందేశాలు మీ నంబరుకు వస్తున్నాయో లేదో ఒకసారి చిన్న మొత్తంతో పరీక్షించి చూడండి. దీన్ని అనుమానంగా కాక ఇంటి లెక్కగా చెప్పి, పిల్లవాడి ముందే చేస్తే మంచిది. చాటుగా తనిఖీ చేస్తే వాడు చాటు దారులే వెతుక్కుంటాడు.

పట్టణాల్లో కొన్ని దుకాణాల్లో కార్డు గీకి, రెండు మూడు శాతం పట్టుకొని చేతికి నగదు ఇస్తున్నారు. వస్తువు కొనకుండా కొన్నట్టు చూపించే ఈ పద్ధతి బ్యాంకు షరతులకు విరుద్ధం, కనిపెడితే కార్డు రద్దు చేస్తారు. యూపీఐతో ముడిపెట్టిన రూపే క్రెడిట్ కార్డును వ్యాపారులకే వాడాలి, వ్యక్తులకు పంపే వీలు లేదు. ఆ కారణంగానే పందెం నడిపేవారు ఎవరిదో దుకాణం క్యూఆర్ పంపుతారు. ఆ క్యూఆర్ ఎవరిదో మీకు తెలియదు.

అన్నింటికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఖాతా స్తంభించడం. ఈ యాప్‌లు గెలుపు డబ్బును తరచూ అద్దె ఖాతాల నుంచి, అంటే వేరేవారి పేరున ఉన్నవాటిని అద్దెకు తీసుకున్న ఖాతాల నుంచి పంపుతాయి. ఆ ఖాతాల్లోకి సైబర్ మోసాల డబ్బు కూడా వచ్చి ఉంటుంది. ఎక్కడో ఎవరో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేస్తే, ఆ డబ్బు ఏయే ఖాతాల గుండా పోయిందో వాటన్నింటిలో ఆ మొత్తాన్నో, కొన్నిసార్లు ఖాతానంతటినో ఆపుతారు. మీకు వచ్చినది రెండు వేలే కావచ్చు, కాని అదే ఖాతాలోకి ఐకేపీ నుంచి వడ్ల పైసలు పడవలసి ఉంటే, ఆ కుటుంబం విత్తనాలకు, కూలీలకు ఇవ్వలేని స్థితిలో పడుతుంది. కాబట్టి పంట డబ్బు వచ్చే ఖాతాను ఏ ఆట యాప్‌కూ, ఏ వాలెట్‌కూ జత చేయవద్దు. ఇంతకుముందు జత చేసి ఉంటే ఈ వారమే విడదీయండి.

ఇప్పటికే డబ్బు వేసినవారు బిల్లు తేదీ దాకా ఆగవద్దు. వడ్డీ రోజు లెక్కన పెరుగుతుంది కాబట్టి ఎంత కట్టగలిగితే అంత ఇవాళే యాప్ ద్వారా కార్డుకు కట్టండి. 'మినిమం డ్యూ' కడితే ఆలస్య రుసుము తప్పుతుందే గాని వడ్డీ తప్పదు, కొత్తగా కొన్న సామాన్లకు కూడా గడువు సౌకర్యం పోతుంది. ఈ బాకీ తీర్చడానికి లోన్ యాప్ దగ్గరికి మాత్రం వెళ్లవద్దు. ఇంట్లో ఒకరికి చెప్పి, అవసరమైతే బంగారం మీద బ్యాంకులో తక్కువ వడ్డీకి తీసుకొని కార్డు బాకీ ముగించడం మేలు. 2025 జనవరి నుంచి బ్యాంకులు అప్పుల వివరాలను కనీసం పదిహేను రోజులకోసారి, మన అప్పుల చరిత్రను నమోదు చేసే సిబిల్ వంటి సంస్థలకు పంపుతున్నాయి కాబట్టి, జూన్‌లో ట్రాక్టర్ లోన్‌కు వెళ్లేవారికి మే నెల బకాయి అక్కడ కనిపిస్తుంది.

ఈ సీజన్‌లో 'మీ కార్డు మీద పడిన గేమింగ్ చార్జీలు వెనక్కి ఇస్తాము' అంటూ ఫోన్లు కూడా వస్తాయి. ఏ బ్యాంకూ దానికి ఓటీపీ అడగదు. అలా డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. రుసుము నిజంగా తప్పుగా పడిందనిపిస్తే, ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నంబరు తీసుకోండి. 30 రోజుల్లో పరిష్కారం రాకపోతే బ్యాంకులపై ఫిర్యాదులు చూసే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లవచ్చు, సమాచారానికి 14448 ఉంది. ఆట మానలేక, నిద్ర పట్టక ఇబ్బంది పడేవారికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు. సిగ్గుపడకుండా ఆ నంబరుకు ఫోన్ చేయమని నా దగ్గరికి వచ్చిన ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను.

కార్డే వద్దనుకుంటే బాకీ అంతా తీర్చి మూసివేయమని రాసి ఇవ్వండి. బ్యాంకు ఏడు పనిదినాల్లో మూయాలి, ఆలస్యం చేస్తే రోజుకు 500 రూపాయల చొప్పున మీకే ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధనలు చెబుతున్నాయి. మూసినట్టు వచ్చిన ఉత్తరాన్నో, ఈమెయిల్‌నో దాచిపెట్టుకొని, నెల గడిచాక సిబిల్ నివేదికలో ఆ కార్డు ఎదురుగా 'క్లోజ్డ్' అని పడిందో లేదో చూసుకోండి.