చర్చిలో టెక్నాలజీ పని: సమస్య ఒకచోట, కారణం ఇంకోచోట

మా చర్చి విశాఖపట్నంలో, బీచ్ రోడ్డుకు నాలుగు వీధుల లోపల ఉంది. సౌండు, తెర, లైవ్, వాట్సాప్, కానుకల క్యూఆర్, ఈమధ్య ఏఐ... ఇవన్నీ చూసుకునే పని కొన్నేళ్లుగా నా నెత్తిన ఉంది. జీతం లేదు, ఆదివారం టిఫిన్ మాత్రం ఉంటుంది. ఏదైనా మొరాయిస్తే కమిటీలో మొదట వినపడే మాట "కొత్తది కొనేద్దాం బ్రదర్". నేను చూసినంతలో చాలాసార్లు ఆ అవసరమే రాలేదు. తప్పు మనకు కనిపించిన చోట ఉండదు, దానికి రెండడుగులు వెనక ఉంటుంది. అందుకే ఒక్కో సమస్యనూ సంఘంలోవాళ్లు నా దగ్గరికి వచ్చి చెప్పిన మాటల్లోనే రాస్తున్నాను.

"హాల్లో బ్రహ్మాండంగా ఉంది, లైవ్‌లో పాటకి ప్రాణమే లేదు"

లైవ్ చూసేది ఎవరో ముందు గుర్తుపెట్టుకోండి. స్టీల్ ప్లాంట్‌లో ఆదివారం షిఫ్ట్ పడినవాళ్లు, కేజీహెచ్ ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చున్నవాళ్లు, డాలస్‌లో ఉన్న పిల్లలు. వాళ్లకు వినపడేది చిన్న ఫోన్ స్పీకర్లో వచ్చేదే.

కారణం: మిక్సర్ (మైకుల శబ్దాలన్నీ కలిపే పెట్టె) నుంచి హాలు స్పీకర్లకు వెళ్లే మెయిన్ అవుట్‌పుట్‌నే లైవ్‌కి ఇవ్వడం. హాల్లో డ్రమ్స్ వాటంతట అవే గట్టిగా మోగుతాయి కాబట్టి వాటికి మైకు పెట్టం, పెట్టినా తగ్గించేస్తాం. సంఘమంతా కలిసి పాడే గొంతు అసలు మిక్సర్‌లోకే రాదు. చివరికి లైవ్‌కి చేరేది పాట ఎత్తుకున్న ఇద్దరి గొంతులు, వెనకాల కీబోర్డు, అంతే.

ఏం చేయాలి: మిక్సర్‌లో 'ఆక్స్' అని ఉండే అవుట్‌పుట్ ఒకటి లైవ్‌కే కేటాయించి, ప్రీ-ఫేడర్‌లో పెట్టండి. అప్పుడు హాలు కోసం ఎవరు ఫేడర్ (శబ్దం పెంచి తగ్గించే మీట) కదిపినా లైవ్ మారదు. జనం వైపు తిప్పి ఒక మైకు పెట్టి, దాన్ని ఆక్స్‌కి మాత్రమే పంపండి. స్పీకర్లకు కూడా పంపారో, ఈల వేస్తుంది. తర్వాత ఒక మనిషిని హెడ్‌ఫోన్ ఇచ్చి హాలు బయట, మెట్ల కిందైనా సరే, కూర్చోబెట్టండి. హాల్లోనే కూర్చుని వింటే హాలు శబ్దం కూడా చెవిలో కలిసిపోయి అంతా బాగున్నట్టే ఉంటుంది. నేను ఏడాదిపాటు అలాగే మోసపోయాను.

మిక్సర్ నుంచి నేరుగా ఫోన్‌కి వైరు పెడితే గొంతు పగిలినట్టు వస్తుంది. మిక్సర్ ఇచ్చేది లైన్ లెవెల్. ఫోన్ జాక్ ఎదురుచూసేది మైక్ లెవెల్, అంటే చాలా చిన్న సిగ్నల్. మధ్యలో ఒక చిన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ ఉండాలి. ఇది మాత్రం కొనాల్సిందే, ఒప్పుకుంటాను.

"గూఁ అని ఒకటే మోత"

ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. మోత ఆగిపోయిందంటే అది గ్రౌండ్ లూప్. మిక్సర్ ఒక గోడ ప్లగ్గులో, ల్యాప్‌టాప్ ఎదుటి గోడ ప్లగ్గులో ఉంటే, రెండు ఎర్తుల మధ్య తేడా వల్ల ఆడియో వైరు గుండా కొద్దిపాటి కరెంటు తిరుగుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి అంత లావు గొంతుతో మోగుతుంది. రెండింటినీ ఒకే బోర్డుకి పెట్టండి. అప్పటికీ తగ్గకపోతే వైరు మధ్యలో ఆడియో ఐసొలేటర్ వేయండి. ఎర్త్ పిన్ను విరగ్గొట్టే 'చిట్కా' ఒకటి తిరుగుతోంది, దాని జోలికి పోవద్దు. ఇనుప జాలీ మైకుకి పెదవులు ఆనించి మాట్లాడేది మన పాస్టర్ అయ్యగారే, ఎర్త్ లేకపోతే ఆయనకే షాక్.

మోత కాకుండా గరగర వస్తే, అది మన సముద్రం పని. ఉప్పు గాలికి జాక్‌లు, పిన్నులు మసకబారతాయి. నెలకోసారి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మైకుల పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచితే చాలు. మా దగ్గర ఒకాయన కొబ్బరినూనె రాశాడు. పిన్నులు ధగధగలాడాయి. రెండు వారాల్లో ఊళ్లో దుమ్మంతా వాటికే అంటుకుంది.

"బొమ్మ ఆగి ఆగి వస్తోంది", "పెదవులు ముందు, మాట తర్వాత"

మొదటిదానికి కారణం అప్‌లోడ్ వేగం. స్పీడ్ టెస్టులో పెద్దగా కనిపించే అంకె డౌన్‌లోడ్‌ది, దాన్ని చూసి మురిసిపోవద్దు. లైవ్ నడిపే కంప్యూటర్‌కి వైఫై కాకుండా కేబుల్ వేయండి. యువజనుల ఫోన్లకు అందకుండా వైఫై పాస్‌వర్డ్ మార్చండి, కాస్త గొణుగుతారు. ఓబీఎస్‌లో (లైవ్ పంపే సాఫ్ట్‌వేర్) 720పీ, 2500 కేబీపీఎస్ పెడితే ఫోన్‌లో చూసేవాళ్లకు ఏ లోటూ ఉండదు. దానికి రెట్టింపు అప్‌లోడ్ దొరుకుతోందో లేదో శనివారం కాదు, ఆదివారం ఆరాధన వేళకే చూసుకోండి.

రెండోది: కెమెరా ముందు ఎవరైనా ఒక్కసారి చప్పట్లు కొట్టి రికార్డు చేయండి. మాట, బొమ్మల్లో ఏది ముందొస్తోందో చూసి, ఓబీఎస్ అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్‌లో సింక్ ఆఫ్‌సెట్‌ని మిల్లీసెకన్లలో సరిచేయండి. ఈ పని ఐదు నిమిషాలది.

"తెర మీద పాట బదులు ఏవేవో గుర్తులు వస్తున్నాయి"

నా సమయం ఎక్కువ తిన్నది ఇదే.

మా పాత పాటలన్నీ ఒకప్పుడు డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టించినవి. ఆ ఫైలు ఇంకో కంప్యూటర్లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లు, డాలర్ గుర్తులు కలగలిసి కనిపిస్తాయి. ఎందుకంటే ఆ ఫైల్లో అసలు తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాల సంకేతాల మీద తెలుగు ఆకారాలు తొడిగారు. ఫాంటు తీసేస్తే తొడుగు పోతుంది. ఒక్కో భాష అక్షరాలకు వేర్వేరు సంకేతాలిచ్చే యూనికోడ్‌లో అలా కాదు. 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచే అందులో తెలుగుకి సొంతంగా 128 స్థానాలున్నాయి. అందులో 'క' అంటే ఏ ఫోన్‌లోనైనా 'క'నే.

ఏం చేయాలి: అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉచితంగా దొరుకుతాయి. కానీ మార్చి వదిలేయొద్దు. వత్తులు, ముఖ్యంగా క్రావడి, తారుమారవుతాయి. ఒకరు పుస్తకం చూసి పైకి చదువుతుంటే ఇంకొకరు తెర చూసి దిద్దాలి. మేం వారానికి పది పాటల చొప్పున చేశాం. అన్నీ ఒకేసారి చేయాలనుకుంటే మూడో రోజుకే మానేస్తారు.

యూనికోడ్‌లోనే ఉన్నా 'స్తోత్రము' అన్నది 'స్ తోత్ రము' అని ముక్కలై వస్తోందా? అప్పుడు ఫాంటుది తప్పు కాదు. అక్షరాల్ని కూర్చే పని ఆ సాఫ్ట్‌వేర్‌కి రాదు. వీడియో ఎడిటింగ్ ప్రోగ్రాముల్లో ఇది మామూలు. అడోబీ వాటిలో అయితే టెక్స్ట్ సెట్టింగ్స్‌లో సౌత్ ఏషియన్ ఎంపిక ఉంటుంది, అది పెట్టి ప్రోగ్రాం మూసి మళ్లీ తెరవండి. అలాంటి సెట్టింగే లేని సాఫ్ట్‌వేర్ అయితే పాటను బొమ్మగా మార్చి పెట్టడమే దారి.

వత్తులు కింది వరుసలోకి తెగిపోతుంటే వరుసల మధ్య ఎడం ఒకటిన్నర రెట్లు చేయండి. ఇంగ్లీషు స్లయిడ్ల కొలత మన అక్షరాలకు చాలదు, మనకు పైన గుడి, కింద వత్తు ఉన్నాయి. మండలి, నోటో సాన్స్ తెలుగు ఉచితం, దూరానికి బాగా కనిపిస్తాయి. మరీ లావుపాటి ఫాంటు పోస్టరుకి బాగుంటుంది కానీ, వెనక బెంచీ నుంచి చూస్తే అక్షరాల్లోని సందులు పూడిపోయి అంతా నల్లటి ముద్ద. స్లయిడుకి నాలుగు వరుసలు మించొద్దు.

లండన్ మిషనరీలు జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ 1805లో దిగింది మన విశాఖపట్నంలోనే. ఇక్కడ కూర్చుని సువార్తల్ని తెలుగు చేశారు. అవి 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యేనాటికి ఇద్దరూ బతికి లేరు. తెలుగు అక్షరాల్ని ఎదుటివాడి కంటిదాకా చేర్చడానికి మనకు పడుతున్న ఆదివారాలు, దాంతో పోలిస్తే, ఏపాటివి.

"మెసేజ్ నాకు రాలేదు బ్రదర్"

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టు పెట్టి అందరికీ పంపేశామనుకుంటాం. మీ నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది, పైగా లిస్టుకి 256 మందే. ప్రకటనలకు అడ్మిన్లు మాత్రమే రాసే గ్రూపు పెట్టండి, 1024 మంది పడతారు. అందరూ రాసే గ్రూపులో ఉదయం ఐదింటికి మొదలయ్యే గుడ్ మార్నింగ్ పూల మధ్య మీ ప్రకటన ఎవరికీ దొరకదు.

"చానెల్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది?"

ఎవరి దగ్గరుందంటే, మూడేళ్ల క్రితం బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయిన తమ్ముడి దగ్గర. చానెల్ అతని సొంత జీమెయిల్ మీద ఉంది, రికవరీ నంబరు అతను మార్చేసిన పాత సిమ్. పాపం అతని తప్పేం లేదు. ఆ రోజు ఆ పని చేసింది అతనొక్కడే.

సంఘం పేరు మీద ఒక జీమెయిల్ తెరవండి. రెండంచెల భద్రత పెట్టి, బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. యూట్యూబ్‌లో పాస్‌వర్డ్ పంచుకోకుండా వేరేవాళ్లకు అనుమతులు ఇచ్చే వీలుంది, అదే వాడండి. చానెల్ నడిపే అనుమతి కనీసం ఇద్దరికుండాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. ఎందుకో చర్చి కమిటీల్లో తిరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు.

సభ్యుల ఫోన్ నంబర్లు, వీధులవారీగా, కాగితం మీద కూడా ఒక ప్రతి ఉంచండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కొట్టినప్పుడు కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. ఎంత గొప్ప క్లౌడ్ అయినా ఆ వారం మనకు అక్కరకు రాదు.

"నేను పంపిన కానుక కనిపించలేదు"

మొదట క్యూఆర్ స్టిక్కరు చూడండి. గేటు దగ్గర అంటించినదాని మీద ఇంకెవరో తమది అంటించే ప్రమాదం ఉంది. ప్రతి ఆదివారం ఒకరు తమ ఫోన్‌తో స్కాన్ చేసి పేరు సరిగ్గా వస్తోందో చూడాలి. క్యూఆర్ కోశాధికారి సొంత ఖాతాది కాకుండా సంఘం ఖాతాదే అయి ఉండాలి. లెక్క రాసుకునేది స్క్రీన్‌షాట్ చూసి కాదు, బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి.

అమెరికా నుంచి వచ్చేవాటి దగ్గర జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు, మన ఊరివాళ్లే అయినా, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నా, పంపేది విదేశీ విరాళమే. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి కావాలి, డబ్బు మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. లైవ్ కింద క్యూఆర్ పెట్టేముందు మీ ఆడిటర్‌ని ఒక మాట అడగండి.

"ప్రార్థన కోసం రాసింది పక్కింటావిడకి ఎలా తెలిసింది?"

నాకు నిజంగా చెమటలు పట్టించిన ఫిర్యాదు ఇది. ప్రార్థన విన్నపాల కోసం గూగుల్ ఫారం నేనే పెట్టాను. జవాబులు పడే షీటుని ప్రార్థన బృందం కోసమని 'లింకు ఉన్నవాళ్లెవరైనా చూడొచ్చు' అని వదిలేశాను. ఆ లింకు ఒక గ్రూపు నుంచి ఇంకో గ్రూపుకి వెళ్లింది. అందులో భర్త తాగుడు గురించి రాసినామె ఉంది, స్కానింగ్ రిపోర్టు గురించి రాసినామె ఉంది. నేను ఇద్దరి ఇళ్లకూ వెళ్లి క్షమాపణ అడిగాను. ఒకావిడ టీ ఇచ్చింది, ఇంకొకావిడ తలుపు దగ్గరే మాట్లాడి పంపేసింది.

ఇప్పుడు షీటు ఇద్దరికే కనిపిస్తుంది, వాళ్ల ఈమెయిల్ ఐడీలతోనే. ఫారంలో పేరు రాయడం తప్పనిసరి కాదు. నెల దాటినవి తుడిచేస్తాం. ఆ విన్నపాల్ని ఏఐ చాట్‌బాట్‌లో వేసి 'ప్రార్థన అంశాలుగా మార్చు' అనే అలవాటు యువజనుల్లో మొదలైంది, దాన్నీ ఆపించాను. రాసినామె అయ్యగారికి చెప్పింది గానీ ఏఐ కంపెనీకి కాదు.

"ఏఐ ఇచ్చిన వచనం బైబిల్లో లేదు"

ఒకబ్బాయి స్లయిడ్ల మీద కీర్తనలు 151 అని పెట్టుకొచ్చాడు. మన బైబిల్లో అవి 150తో అయిపోతాయి. ఇలాంటిది దొరికిపోతుంది. దొరకనిది ఇంకోటుంది: నంబరు సరిగ్గానే ఉంటుంది, మాటలే వేరు. 23వ కీర్తన మా మామ్మలకు నిద్రలో లేపి అడిగినా కంఠతా వచ్చు. ఏఐ దాన్ని తన సొంత తెలుగులో రాసిచ్చింది, తెర మీద పడగానే ముందు వరుసలో గుసగుస మొదలైంది.

కారణం: చాలాసార్లు అది పుస్తకం తెరిచి చూడదు. ఈ మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో చూసి అల్లుతుంది. అందుకని మా దగ్గర ఏఐకి వచనం రాసే పని ఇవ్వం. ప్రకటనలో తప్పులు దిద్దడానికి, ఇంగ్లీషులో వచ్చిన ఉత్తరానికి మొదటి ముసాయిదా తయారు చేయడానికి వాడతాం. వచనం బైబిల్ యాప్ నుంచి కాపీ చేసి పెట్టాలి, పెద్దల్లో ఒకరు పుస్తకం తెరిచి సరిచూడాలి.

"తెర పెట్టాక పెద్దవాళ్లు పాడటం మానేశారు"

కళ్లు కనపడట్లేదేమో అనుకుని అక్షరాలు పెంచాను. లాభం లేదు. ఇంకా పెద్ద తెర కొందామన్నారు కమిటీవాళ్లు. చివరికి ఒక మామ్మ పక్కన కూర్చుని అడిగాను. "నంబరు చెప్పట్లేదుగా నాయనా" అంది. వాళ్లకు పాట గుర్తుండేది నంబరుతో. నంబరు వినగానే పుస్తకంలో పేజీ, రాగం అన్నీ గుర్తొస్తాయి. తెర వచ్చాక నంబరు ప్రకటించడం మేమే మానేశాం. ఇప్పుడు ప్రతి పాట మొదటి స్లయిడు మూలన నంబరు వేస్తున్నాం, పాట ఎత్తుకునేవాళ్లు దాన్ని పైకి రెండుసార్లు చెబుతున్నారు. మామ్మ తెర వైపు చూడనే చూడదు, పుస్తకం ఒళ్లో పెట్టుకుని పాడుతోంది.