బొమ్మలు తెరుచుకోకపోయినా చదివించే న్యూస్‌లెటర్ మెయిల్ ఎలా తయారుచేయాలి?

నెల్లూరు ట్రంక్ రోడ్డులోనైనా, ఒంగోలు కర్నూలు రోడ్డులోనైనా పండగ ఆఫర్ అనగానే షాపులవాళ్లకు ముందు గుర్తొచ్చేది ఫ్లెక్సీ. డీటీపీ సెంటర్‌లో డిజైన్ చేయించి షాపు ముందు కట్టిస్తారు, అదే బొమ్మను వాట్సాప్‌లో పంపుతారు. ఇంతవరకు ఇబ్బందేమీ లేదు. ఆ బొమ్మనే మెయిల్‌లో అతికించి హైదరాబాద్, బెంగళూరు, అమెరికాలో ఉన్న కస్టమర్లకు న్యూస్‌లెటర్ అని పంపినప్పుడే చిక్కు వస్తుంది. కొన్ని మెయిల్ యాప్‌లు బొమ్మలను వెంటనే చూపించవు, అనుమతి అడుగుతాయి. అప్పుడు మెయిల్ తెరిచిన మనిషికి కనిపించేది ఖాళీ గడి. ఒకవేళ బొమ్మ కనిపించినా ఫోన్ తెర మీద ఫ్లెక్సీ అక్షరాలు చీమల బారులా ఉంటాయి. అందులోని ధర కోసం ఇన్‌బాక్స్‌లో వెతికితే దొరకదు. చూపు లేనివాళ్ల ఫోన్ దాన్ని చదివి వినిపించలేదు. ఒక్క బొమ్మ తప్ప అక్షరమే లేని మెయిల్‌ను స్పామ్ ఫిల్టర్లు అనుమానంగా చూస్తాయి కూడా.

అందుకని మొదటి నుంచి ఒక్క నియమం పెట్టుకోవాలి. చెప్పాల్సిన మాటంతా అక్షరాల్లో ఉండాలి, బొమ్మ దానికి తోడుగా ఉండాలి. కింద చెప్పే పద్ధతంతా ఈ నియమం మీదే నడుస్తుంది.

ఉదాహరణకు ఉదయగిరి చెక్క చెంచాలు తీసుకుందాం. నెల్లూరు జిల్లా పడమటి వైపు, దుర్గం కింద ఉన్న ఆ ఊళ్లో చేతితో చెక్కే గరిటెలకు, చెంచాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. వాటిని ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న యూనిట్ ఒకటి నెలకో మెయిల్ పంపాలనుకుంటోందని అనుకుందాం.

ముందు మాట రాసుకోండి, డిజైన్ తర్వాత

కంప్యూటర్ ముట్టుకోకముందే కాగితం మీద పది వాక్యాలు రాయండి. ఈ మెయిల్ చదివినవాళ్లు ఏ ఒక్క పని చేయాలి? కొత్త సెట్ చూడాలా, ఆర్డర్ చెప్పాలా, ఎగ్జిబిషన్‌కు రావాలా? ఒక్కటే ఎంచుకోండి. నాలుగు ఆఫర్లు ఒకే మెయిల్‌లో కుక్కితే ఏదీ గుర్తుండదు.

ప్రతి నెలా అమ్మకమే రాయకూడదు. గరిటె కొన్నవాళ్లకు అది ఎక్కువ కాలం మన్నాలని ఉంటుంది. నీళ్లలో రాత్రంతా నాననివ్వొద్దు, డిష్‌వాషర్‌లో వేయొద్దు, తుడిచి ఆరబెట్టి అప్పుడప్పుడు కొబ్బరినూనె రాయండి అని చెబితే అమెరికాలో ఉన్న కస్టమర్‌కు నిజంగా పనికొస్తుంది. నెల్లూరు చేపల పులుసు సంగతి రాసినా చదువుతారు. ముక్కలు వేశాక గరిటె పెట్టకుండా గిన్నెనే పట్టుకుని తిప్పుతారని రాయండి. గరిటె అమ్మేవాళ్లే ఇక్కడ గరిటె వద్దని చెబితే ఆ నిజాయితీని జనం గుర్తుపెట్టుకుంటారు.

తర్వాత సబ్జెక్ట్ లైన్. తెలుగు అక్షరాలు వెడల్పుగా ఉంటాయి కాబట్టి ఫోన్‌లో నాలుగైదు మాటలకు మించి కనపడవు. ముఖ్యమైన మాట ముందుకు రావాలి. ‘ప్రియమైన వినియోగదారులకు దీపావళి శుభాకాంక్షలతో’ అని మొదలుపెడితే అసలు సంగతి తెర దాటిపోతుంది. ‘చెక్క గరిటెల కొత్త సెట్ వచ్చింది’ అంటే చాలు. దాని పక్కన లేత రంగులో కనిపించే చిన్న వాక్యాన్ని ప్రీహెడర్ అంటారు. దాన్ని మీరు రాయకపోతే యాప్ మెయిల్‌లోని మొదటి అక్షరాలను తీసుకుంటుంది. అందుకే చాలా మెయిళ్లకు ఇన్‌బాక్స్‌లో ‘బ్రౌజర్‌లో చూడండి’ అన్న పనికిరాని మాట కనిపిస్తుంది. సబ్జెక్ట్‌లో చెప్పిందే మళ్లీ చెప్పకుండా అక్కడ ధరో, గడువో పెట్టండి. పంపేవారి పేరు దగ్గర జనానికి తెలిసిన షాపు పేరే ఉండాలి.

చట్రం: ఒకే నిలువు వరస, 600 పిక్సెళ్లు

వెబ్‌సైట్ చేసినవాళ్లే మెయిల్ కూడా చేస్తే ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. వెబ్‌లో పేజీ భాగాలను అమర్చే ఫ్లెక్స్‌బాక్స్, గ్రిడ్ అనే పద్ధతులు హాయిగా పనిచేస్తాయి. విండోస్ ఔట్‌లుక్ మాత్రం 2007 వెర్షన్ నుంచి మెయిల్‌ను మైక్రోసాఫ్ట్ వర్డ్ ఇంజిన్‌తో చూపిస్తూ వచ్చింది. కొత్త ఔట్‌లుక్ మారినా ఆఫీసుల్లో పాతది ఇంకా నడుస్తోంది. వర్డ్‌కు అర్థమయ్యేది టేబుల్. కాబట్టి మెయిల్ చట్రం టేబుళ్లతోనే కట్టాలి. బయట వంద శాతం వెడల్పున్న టేబుల్ ఒకటి, దాని లోపల మధ్యకు అమర్చిన 600 పిక్సెళ్ల టేబుల్ ఇంకొకటి. మధ్యలో ఖాళీ కావాలంటే బయటి ఖాళీ (మార్జిన్) మీద ఆధారపడకుండా గడి లోపలే ఖాళీ (ప్యాడింగ్) ఇవ్వండి. చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ‘టేబుల్, వరస, గడి’ అని అరవకుండా ప్రతి టేబుల్‌కు రోల్ అనే గుణంలో ‘ప్రెజెంటేషన్’ అని పెట్టండి.

రంగు, సైజు, ఎడం లాంటి స్టైల్స్ కోడ్‌లోని ప్రతి ట్యాగ్‌లోనే, అంటే ఇన్‌లైన్‌గా రాయాలి. కోడ్ మొదట్లో ఉండే హెడ్ భాగంలో పెట్టే స్టైల్స్‌ను జీమెయిల్ మామూలుగా ఒప్పుకుంటుంది. కానీ జీమెయిల్ యాప్‌లో వేరే కంపెనీ మెయిల్ అకౌంట్ పెట్టుకున్నవాళ్లకు అవి పనిచేయవు. ఫోన్ కోసం చేసే చిన్న సర్దుబాట్లు హెడ్‌లో ఉండొచ్చు, ప్రాణాధారమైనవన్నీ ఇన్‌లైన్‌లో ఉండాలి. జావాస్క్రిప్ట్‌ను మెయిల్ యాప్‌లు తీసేస్తాయి. వీడియో పెట్టాలనిపిస్తే ఒక ఫొటో పెట్టి దానికి లింక్ ఇవ్వండి.

రెండు నిలువు వరసల డిజైన్ జోలికి వెళ్లొద్దని నా సలహా. ఒకే నిలువు వరసలో కట్టిన మెయిల్ ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ ఒకేలా నిలబడుతుంది, మీకు సగం టెన్షన్ తగ్గుతుంది.

తెలుగు అక్షరం దగ్గర జాగ్రత్త

ఇంగ్లీషు పాఠాలు చూసి నేర్చుకున్నవాళ్లకు ఈ సంగతులు ఎవరూ చెప్పరు కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

మన డీటీపీ సెంటర్లలో పాంప్లెట్లు, పెళ్లి శుభలేఖలు చాలావరకు అను అనే పాత తరహా తెలుగు ఫాంట్లలో టైప్ అవుతాయి. ఆ ఫైల్ నుంచి మాటలు కాపీ చేసి మెయిల్‌లో పెడితే అర్థంలేని గుర్తులు వస్తాయి. ఆ ఫాంట్ లేని ఫోన్‌కు అవి తెలుగని తెలియదు. అన్ని ఫోన్లూ తెలుగుగా గుర్తించే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. అయితే మార్చాక ఒకసారి అక్షరం అక్షరం చదవాలి, ఒత్తులు తారుమారవుతుంటాయి. ఇంకా మంచి పద్ధతి, మొదటి నుంచీ యూనికోడ్‌లో టైప్ చేయించడం.

అందమైన వెబ్ ఫాంట్ పెడదామనుకుంటారు. జీమెయిల్ దాన్ని దించుకోదు. ఆండ్రాయిడ్‌లో నోటో సాన్స్ తెలుగు, విండోస్‌లో నిర్మలా యూఐ లేదా గౌతమి, ఐఫోన్‌లో కోహినూర్ తెలుగు, ఇలా ఎవరి ఫోన్‌లో ఉన్న ఫాంట్‌తో వాళ్లకు కనిపిస్తుంది. ఆ పేర్లనే వరసగా ఇచ్చి చివర సాన్స్ సెరిఫ్ అని పెట్టండి. ప్రత్యేకమైన అక్షరాలు షాపు లోగోలో ఉంటే చాలు.

ఇంగ్లీషుకు 14, 15 పిక్సెళ్ల అక్షరం సరిపోవచ్చు. తెలుగుకు 17 కంటే తగ్గించకండి. మన లిపిలో గుడి, దీర్ఘం పైకి, ఒత్తులు కిందికి వెళతాయి. వరసల మధ్య ఎడాన్ని 1.6, 1.7 రెట్లు ఉంచితేనే పై వరస ఒత్తు కింది వరస గుడికి తగలకుండా ఉంటుంది. అక్షరాల మధ్య ఎడం పెంచే లెటర్ స్పేసింగ్ తెలుగులో వాడకండి, అక్షరం చెదిరినట్టు కనిపిస్తుంది.

ఇక బరువు. మెయిల్ హెచ్‌టీఎంఎల్ కోడ్ సుమారు 102 కేబీ దాటితే జీమెయిల్ మిగతాది కత్తిరించి, మొత్తం చూడటానికి ఒక లింక్ ఇస్తుంది. బొమ్మలు ఈ లెక్కలోకి రావు, కోడ్, అక్షరాలే వస్తాయి. యూనికోడ్ అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరం ఒక బైట్ అయితే తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరంలో ఆరు గుర్తులుంటాయి కాబట్టి 18 బైట్లు. కొన్ని పాత టూల్స్ తెలుగును అంకెల కోడ్‌లుగా మార్చేస్తాయి. అప్పుడు అదే ‘స్త్రీ’ 42 బైట్లవుతుంది. మెయిల్ సోర్స్ కోడ్ తెరిచి చూడండి. తెలుగు తెలుగుగానే కనిపిస్తే సరే, అంకెల వరస కనిపిస్తే ఆ సెట్టింగ్ మార్చండి. వర్డ్ నుంచి నేరుగా పేస్ట్ చేసినా బోలెడంత చెత్త కోడ్ వచ్చి చేరుతుంది. కత్తిరింపు జరిగితే ముందు పోయేది చివర్లో ఉండే అన్‌సబ్‌స్క్రైబ్ లింకే. అది కనపడకపోతే జనం స్పామ్ బటన్ నొక్కుతారు.

బొమ్మలు, బటన్

ఫొటోలు జేపీజీలో, లోగో పీఎన్‌జీలో ఇవ్వండి. స్పష్టంగా ఉండాలంటే 1200 పిక్సెళ్ల ఫొటోను 600లో చూపించండి, ఒక్కోటి 200 కేబీ లోపు ఉండేలా కుదించండి. వెడల్పును ఇమేజ్ ట్యాగ్‌లో అంకెగా తప్పకుండా రాయాలి, లేకపోతే పాత ఔట్‌లుక్ ఫొటోను పూర్తి సైజులో పరిచేస్తుంది. ప్రతి బొమ్మకూ ఆల్ట్ టెక్స్ట్, అంటే బొమ్మ రాకపోతే దాని బదులు కనిపించే మాట రాయండి. ‘ఫొటో 1’ అని కాదు. ‘అట్లకాడ, పులుసు గరిటె, ఉప్పు చెంచా ఉన్న చెక్క సెట్’ అని రాస్తే బొమ్మ తెరుచుకోని ఫోన్‌లో కూడా సంగతి తెలుస్తుంది.

డార్క్ మోడ్ మరిచిపోవద్దు. నల్ల అక్షరాలున్న పారదర్శక లోగో నల్ల తెర మీద మాయమవుతుంది. చుట్టూ సన్నని తెల్ల అంచు పెట్టిస్తే సరిపోతుంది.

బటన్‌ను బొమ్మగా చేయకండి. గడికి రంగు వేసి, లోపల అక్షరాలతో లింక్ ఇవ్వండి. బొటనవేలుకు అందేలా కనీసం 44 పిక్సెళ్ల ఎత్తు ఉండాలి. బటన్ మీద ‘ఇక్కడ క్లిక్ చేయండి’ బదులు ‘సెట్ చూడండి’ అని రాయండి. మన దగ్గర చాలామంది వెబ్‌సైట్‌లో కార్డు నంబరు కొట్టడం కన్నా మాట్లాడి కొనడానికే ఇష్టపడతారు. అలాంటివాళ్లే ఎక్కువైతే ఆ ఒక్క బటన్‌ను ‘వాట్సాప్‌లో ఆర్డర్ చెప్పండి’ అని నేరుగా చాట్‌కు కలపండి. పక్కనే ఫోన్ నంబరును కూడా నొక్కితే కాల్ వెళ్లే లింక్‌గా ఇవ్వండి.

ఎవరికి పంపాలి, ఎలా పంపాలి

బిల్లు కౌంటర్‌లో తీసుకున్న అడ్రసులన్నింటికీ పంపేయడం తప్పు. ‘నెలకొకసారి మెయిల్ పంపుతాం, ఇష్టమేనా’ అని అడిగి, ఔనన్నవాళ్లకే పంపండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా ఇదే అంటుంది. సమ్మతి స్పష్టంగా ఉండాలి, ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే వీలుండాలి. మెయిల్ అడుగున షాపు అడ్రసు, అన్‌సబ్‌స్క్రైబ్ లింక్ చదవగలిగే సైజులో పెట్టండి. పోయేవాళ్లను పోనివ్వండి.

పంపడానికి సొంత డొమైన్, అంటే మీ షాపు పేరుతో వెబ్ అడ్రస్ ఉండాలి. దానికి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు రికార్డులు పెట్టించాలి. ఈ మెయిల్ నిజంగా మీ దగ్గర నుంచే వచ్చిందని ఇన్‌బాక్స్‌కు రుజువు చేసేవి ఇవే. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ ఈ విషయంలో గట్టిగా ఉన్నాయి. జీమెయిల్‌కు రోజుకు 5,000 మించి పంపేవాళ్లకు ఈ మూడూ తప్పనిసరి, ఒక్క నొక్కుతో అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యే వీలూ ఉండాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. చిన్న లిస్ట్ ఉన్నవాళ్లూ ముందే చేయించుకోవడం మేలు. న్యూస్‌లెటర్ పంపే టూల్‌లో మీ జీమెయిల్ అడ్రస్ పెట్టి పంపితే ఈ పరీక్ష దాటడం కష్టం.

పంపేముందు ఒక ఆండ్రాయిడ్ ఫోన్, ఒక ఐఫోన్, ఒక ఆఫీసు కంప్యూటర్‌లో చూడండి. బొమ్మలు ఆపేసి ఒకసారి, డార్క్ మోడ్ పెట్టి ఒకసారి చదవండి. ప్రతి లింక్ నొక్కండి. ఇంట్లో పెద్దవాళ్లకు ఫోన్ ఇచ్చి చదవమంటే అక్షరం చిన్నదైతే వెంటనే చెబుతారు. లిస్ట్‌లో అమెరికా తూర్పు తీరంవాళ్లు ఎక్కువగా ఉంటే అక్కడ ఉదయం 8 గంటలంటే మనకు వేసవిలో సాయంత్రం 5.30, చలికాలంలో 6.30. వాళ్ల లిస్ట్ వేరు చేసి ఆ వేళకు పంపండి.

పంపాక ఎంతమంది తెరిచారన్న అంకెను నమ్ముకోవద్దు. 2021లో ఐఫోన్‌కు వచ్చిన మెయిల్ గోప్యత సదుపాయం వల్ల మనిషి తెరవకపోయినా తెరిచినట్టు లెక్కపడుతుంది. ఎంతమంది బటన్ నొక్కారు, ఎంతమంది వాట్సాప్‌లో మాట్లాడారు, ఎంతమంది తిరిగి జవాబు రాశారు, ఇవి చూడండి. జవాబులు వచ్చే అడ్రసును రోజూ తెరిచే మనిషి ఒకరుండాలి. ‘గరిటె పిడి పొడుగ్గా కావాలి’ అని ఒకరు రాస్తే వారికి ఆ రోజే సమాధానం ఇచ్చి, వచ్చే నెల మెయిల్‌లో పొడుగు పిడి గరిటె ఫొటో పెట్టండి.